కోఠీలోని కోఠీ: ముందు స్తంభాలు, వెనక రంగ్ మహల్

(మిషిగన్ రాష్ట్రం, నోవై పరిసరాల్లోని తెలుగు కుటుంబాల కోసం కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



నోవైలో ఇల్లు కొందామని బయల్దేరిన మనవాళ్ళెవరైనా మొదటి వారాంతంలోనే నేర్చుకునే మాట ఒకటుంది: "కలోనియల్". రియల్టర్ కారు ఆపి, "ఇది ఫోర్ బెడ్‌రూమ్ కలోనియల్" అంటాడు. మనం తల ఊపుతాం. రెండంతస్తులు, సరిగ్గా మధ్యలో తలుపు, అటెన్ని కిటికీలో ఇటూ అన్నే. కాస్త ఖరీదైన సబ్‌డివిజన్ అయితే తలుపు ముందు రెండు తెల్ల స్తంభాలు, వాటి నెత్తిన ఒక త్రికోణం. ఆ స్తంభాన్ని వేలితో తట్టి చూడండి, చాలాసార్లు డబ్బాలా మోగుతుంది. లోపలేమీ ఉండదు, అది మోసే బరువూ ఏమీ ఉండదు. మరెందుకుంది? అందం కోసం. ఇంకా చెప్పాలంటే, దర్జా కోసం.

మన చదువుల్లో "కలోనియల్" అంటే దాదాపు తిట్టు. ఇక్కడేమో అమ్మకానికి పెట్టే మంచిమాట! ఇదేమిటా అని వెతకడం మొదలుపెడితే అది నన్ను ఇటలీ మీదుగా తీసుకెళ్ళి, చివరికి హైదరాబాదు కోఠీ బస్టాపు దగ్గర దింపింది. అదే ఈ వారం కథ.

ముందు ఇటలీ సంగతి రెండు ముక్కల్లో. వెనిస్ దగ్గర విచెంజా ఊళ్ళో ఆంద్రియా పల్లాడియో అని ఒక మేస్త్రీ ఉండేవాడు. 1508లో పుట్టాడు, రాళ్ళు చెక్కే పనితో మొదలుపెట్టి పెద్ద వాస్తుశిల్పి అయ్యాడు. రోమన్ల గుళ్ళకి ఉండే స్తంభాలు, త్రికోణపు ముఖభాగం తీసుకొచ్చి మామూలు భూస్వాముల ఇళ్ళ ముందు తగిలించాడు. దేవుడి ఇంటి ముఖం మనిషి ఇంటికి వచ్చిందన్నమాట. 1570లో తన కొలతలన్నీ నాలుగు భాగాల పుస్తకంగా అచ్చువేశాడు. ఆ పుస్తకమే అసలు మహత్తు. తరవాతి రెండు శతాబ్దాల్లో ఇంగ్లండు ప్రభువులు దాన్ని వేదంలా చదివారు. అమెరికాలో థామస్ జెఫర్సన్ దాన్ని చూసే ఇళ్ళు గీసుకున్నాడు. ఐర్లండు నుంచి వచ్చిన జేమ్స్ హోబన్ వైట్ హౌస్ నమూనా గీసినప్పుడూ ఆ సంప్రదాయంలోనే గీశాడు. దానికి 1792లో పునాదిరాయి పడింది, 1800లో జాన్ ఆడమ్స్ గృహప్రవేశం చేశాడు. మన సబ్‌డివిజన్లలో ఉన్న డొల్ల స్తంభాలు ఆ వంశంలో చివరి మనవళ్ళు!

అదే వంశంలో ఒక పెద్ద కొడుకు మూసీనది ఒడ్డున ఉన్నాడు.

హైదరాబాదు వాళ్ళకి కోఠీ అంటే సిటీ బస్సులు, సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, సుల్తాన్ బజార్ బేరాలు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చిందో చాలామంది ఆలోచించరు. ఉర్దూలో కోఠీ అంటే పెద్ద మేడ. ఊరికి పేరిచ్చిన ఆ మేడ ఇప్పటికీ అక్కడే, గోడ వెనకాల ఉంది: బ్రిటిష్ రెసిడెన్సీ. వింటున్నవాళ్ళలో కొందరు ఆడవాళ్ళు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. "రెసిడెన్సీ ఏమిటి, అది మా కోఠీ ఉమెన్స్ కాలేజీ!" అని. అవును, అదే. మా అమ్మ కూడా 1980ల్లో అక్కడే డిగ్రీ చదివింది. ఫోన్ చేసి అడిగితే, "ఆ సింహాల కాడ మెట్లమీద కూసొని టిఫిన్ డబ్బాలు తినెటోళ్ళం బిడ్డా. ఎండకాలం గా స్తంభాల నీడ ఎంత సల్లగుండెనో!" అంది. దాని చరిత్ర ఎవరైనా చెప్పారా అంటే, "చరిత్ర సార్లు అక్బర్ గురించి చెప్పిన్రు గని మేం కూసున్న ఇంటి గురించి ఎవలు చెప్పిన్రు?" అంది.

సరే, నేను చెప్తాను.

1798 నాటికి హైదరాబాదులో రెండో అసఫ్ జా, నిజాం అలీ ఖాన్ పాలన. ఒకవైపు మరాఠాలు, ఇంకోవైపు శ్రీరంగపట్నంలో టిప్పు. నిజాం దగ్గర రేమండ్ అనే ఫ్రెంచి సేనాని నడిపిన దళాలు ఉండేవి. ఆ సంవత్సరం మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో ఈస్టిండియా కంపెనీకీ నిజాంకీ సైన్య సహకార ఒప్పందం కుదిరింది, అక్టోబరులో ఆ ఫ్రెంచి దళాలు ఆయుధాలు కింద పెట్టేశాయి. ఈ పని నడిపించిన కంపెనీ ప్రతినిధి పేరు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. ముప్ఫై నాలుగేళ్ళవాడు. 1764లో మన మద్రాసులోనే పుట్టాడు. ఫారసీ, హిందుస్తానీ బాగా వచ్చు. ఇంట్లో హైదరాబాదీ నవాబుల్లాగే బట్టలు కట్టేవాడు, హుక్కా పీల్చేవాడు. నిజాం ఆయనకి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చి, కొడుకులాగా చూసుకున్నాడు.

ఇల్లు మాటకొస్తే, అప్పటికి రెసిడెంటు ఉన్న చోటు పాత తోట, అందులో పాత కట్టడాలు. దాని బదులు కొత్త మేడ కట్టాలని కిర్క్‌పాట్రిక్ కోరిక. స్థలం అడగడం గురించి అప్పటినుంచీ చెప్పుకునే కథ ఒకటుంది. ఆయన సర్వే చేయించి ఓ పెద్ద పటం గీయించి దర్బారుకి పట్టుకెళ్ళాడట. నిజాం ఆ పటం చూసి ససేమిరా అన్నాడు. బయటికొచ్చాక దివాను నవ్వి, "మీరు తెచ్చిన కాగితం హుజూర్ వారి రాజ్యపటం అంత ఉంది. రాజ్యమంతా అడుగుతున్నారనుకున్నారు! అదే చిన్న ముక్క మీద గీసి తీసుకురండి" అన్నాడట. అంతే స్థలాన్ని చీటీ సైజులో గీయించి తీసుకెళితే వెంటనే మంజూరైంది. క్లయింటు దగ్గరికి నలభై స్లైడ్లు పట్టుకెళ్ళి తిరిగొచ్చిన మనవాళ్ళకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

మేడకి నమూనా గీసింది మద్రాసు ఇంజనీర్ల దళంలో లెఫ్టినెంటు, శామ్యూల్ రస్సెల్. లండన్‌లో పేరున్న చిత్రకారుడు జాన్ రస్సెల్ కొడుకు. పని 1803 ప్రాంతంలో మొదలైంది. ఖర్చు భరించింది నిజాం ఖజానా. ఇది గుర్తు పెట్టుకోవలసిన విషయం. సరిగ్గా ఆ ఏళ్ళలోనే కలకత్తాలో గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఇంగ్లండులోని కెడిల్‌స్టన్ హాల్ అనే మేడను చూసి తనకో మహాభవనం కట్టించుకున్నాడు, కంపెనీ డబ్బుతో. లండన్‌లో కంపెనీ డైరెక్టర్లు లెక్కలు చూసి లబోదిబోమన్నారు. హైదరాబాదులో ఆ గొడవ రాలేదు. తన రాజ్యం మీద కన్నేసి కూర్చున్న వాళ్ళ దర్జాకి తనే డబ్బిచ్చాడు నిజాం. తెలివితక్కువతనం అనకండి, ఇంటి అల్లుడికి గది కట్టించినట్టు, ఆ దర్బారు లెక్కలో అది తన గొప్పకి గుర్తు కూడా.

ఇక కట్టడం చూద్దాం. ముఖద్వారం ఉత్తరానికి. కింద విశాలమైన మెట్లు, అటూ ఇటూ రెండు సింహాలు. పైన ఆరు కొరింథియన్ స్తంభాలు. కొరింథియన్ అంటే పై చివర ఆకుల గుత్తిలా చెక్కినవి. వాటి మీద త్రికోణం, ఆ త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. లోపలికి వెళితే రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, చుట్టూ స్తంభాలు, పైన గ్యాలరీ. ఇంగ్లండులోనో వర్జీనియాలోనో పెట్టినా ఎవరూ ఆశ్చర్యపోరు. వైట్ హౌస్‌తో పోల్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, పోలిక అబద్ధం కాదు. ఒకే పుస్తకం చదివిన ఇద్దరు విద్యార్థుల జవాబుపత్రాలు అవి.

కాని ఆ జవాబు రాసిన చేతులు వేరు. ఆ స్తంభాలు పాలరాయిలా మెరుస్తాయి గానీ పాలరాయి కాదు. మన ప్రాంతంలో కోటలూ దేవిడీలూ కట్టిన పద్ధతే: ఇటుక, దానిమీద సున్నపు పూత. మన పెద్దవాళ్ళకి డంగు సున్నం తెలుసు. సున్నం, ఇసుక కలిపి గానుగలో ఎద్దులచేత తిప్పించి రుబ్బుతారు. రోజుల తరబడి నానబెడతారు. దక్కనులో మేస్త్రీలు అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు, మేలైన పనికి గుడ్డు తెల్లసొన కలిపేవాళ్ళు. పూతమీద పూత వేసి, చివరి పొర తడిగా ఉండగానే నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుగు పెట్టేవాళ్ళు. ఇటలీలో పల్లాడియో కూడా ఇటుకలు పేర్చి మీద పూత పూసి రాయిలా కనబడేట్టు చేసినవాడే. అంచేత రస్సెల్ గీసిన ఇటలీ స్తంభం దక్కను మేస్త్రీకి మరీ కొత్తగా ఏమీ అనిపించి ఉండదు. ఆకారం పరాయిదే గానీ చేసే పని అలవాటైనదే.

ఎండ సంగతి కూడా ఉంది. చల్లటి దేశాల్లో ఇంటిని సూర్యుడి వైపు తిప్పుకుంటారు. ఇక్కడ మనం డిసెంబరులో దక్షిణం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాం కదా, అలాగ. హైదరాబాదులో దానికి వ్యతిరేకం. ముఖమంటపం ఉత్తరం వైపు ఉంటే ఏడాదిలో ఎక్కువ కాలం ఆ మెట్లమీద నీడే. అమ్మ చెప్పిన చల్లదనం ఊరికే వచ్చింది కాదు.

ఇప్పటిదాకా చెప్పింది ముందు వైపు. మా వృత్తిభాషలో చెప్పాలంటే ఫ్రంట్ ఎండ్. ఈ ఇంటికి బ్యాక్ ఎండ్ పూర్తిగా వేరే భాషలో రాసి ఉంది.

మేడ వెనక తోటలో, ఎత్తయిన గోడల మధ్య, రంగ్ మహల్ ఉండేది. అది జనానా. మొగలాయి పద్ధతిలో కట్టింది: మధ్యలో వాకిలి, అందులో నీటి తొట్లు, ఫౌంటెన్లు, చుట్టూ వసారాలు, గోడలమీద రంగు బొమ్మలు. పల్లాడియో ఇల్లు బయటికి చూస్తుంది. "నన్ను చూడండి" అంటుంది. జనానా లోపలికి చూస్తుంది. బయటినుంచి గోడ తప్ప ఏమీ కనబడదు. ఒకే ఆవరణలో, ఒకే మనిషి, రెండూ కట్టించాడు. పొద్దున్న స్తంభాల ఇంట్లో కంపెనీ దొర, సాయంత్రం రంగ్ మహల్‌లో హష్మత్ జంగ్.

ఆ జనానా ఎవరికోసం? ఖైరున్నిసా కోసం. హైదరాబాదులో పెద్ద సయ్యద్ కుటుంబం పిల్ల, దర్బారులో ముఖ్యుడైన మీర్ ఆలంకి చుట్టం. కిర్క్‌పాట్రిక్‌తో పరిచయం అయ్యేనాటికి ఆమెకి పధ్నాలుగేళ్ళ ప్రాయం. వేరే సంబంధం కుదిరి ఉంది. ఈ రోజుల్లో మనం ఆ వయసు విని ఉలిక్కిపడతాం, పడాలి కూడా. ఆ రోజుల్లో జనం ఉలిక్కిపడింది వయసుకి కాదు, మతానికీ పదవికీ. ఆయన ఇస్లాం స్వీకరించి ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. వెల్లస్లీ రెండుసార్లు విచారణ జరిపించాడు. ఉద్యోగం ఊడవలసింది, ఎలాగో నిలిచింది. 1801లో కొడుకు, 1802లో కూతురు. కొడుకుని సాహిబ్ ఆలం అనీ, కూతుర్ని సాహిబ్ బేగం అనీ పిలిచేవాళ్ళు.

ఈ కథనంతా విలియం డాల్రింపుల్ 2002లో "వైట్ మొగల్స్" అనే పుస్తకంగా రాశాడు; చదివినవాళ్ళు మీలో ఉంటారు. అది ప్రేమకథగా పేరు తెచ్చుకుంది. నాకు మాత్రం దానిలో ఇల్లే కథానాయిక అనిపిస్తుంది.

పరదాలో ఉన్న ఖైరున్నిసా జనానా దాటి ముందువైపుకి రాకూడదు. తన భర్త కట్టించిన ఆ మహాముఖద్వారాన్ని ఆమె చూసే వీల్లేదు. అందుకని ఆ మేడకి అచ్చంగా ఒక చిన్న నమూనా, స్తంభాలతో సహా, జనానా తోటలో కట్టించి చూపించాడని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఆ బొమ్మ మేడ నిజంగా ఉంది. దాదాపు రెండు వందల ఏళ్ళ ఎండావానా తట్టుకుంది గానీ, 1980ల్లో చెట్టు కొమ్మ విరిగి మీద పడి బాగా దెబ్బతింది. అమ్మకి అది బాగా గుర్తు. "బొమ్మరిల్లు అనుకునేటోళ్ళం" అంది.

ఈ ఇంటి గురించి రాసేవాళ్ళు "రెండు శైలుల సమ్మేళనం" అంటూ ఉంటారు. నాకా మాట ఒప్పుదల కాదు. సమ్మేళనం చూడాలంటే చంద్రగిరి వెళ్ళాలి. తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే. దర్శనం అవగానే ఎయిర్‌పోర్టుకి పరుగెత్తే మనవాళ్ళు చాలామంది చూడకుండా వచ్చేస్తారు. అక్కడి రాజమహల్‌లో కింద అంతస్తుల్లో సుల్తానుల కట్టడాల్లాంటి కమానులు, పైన మన గుడి గోపురాల్లాంటి శిఖరాలు, రెండూ ఒకే ఒంటిమీద. హంపీలో లోటస్ మహల్ కూడా అంతే. కమాను ఎక్కడ ఆగిందో, విమానం ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం. పప్పులో కూర ఉడికిపోయినట్టు.

రెసిడెన్సీలో అలా కాదు. అక్కడ రెండు శైలులు పక్కపక్కన ఉన్నాయి, మధ్యలో గోడ ఉంది. గోడకి ఒక దర్వాజా ఉంది. ఆ దర్వాజాలోంచి ఇటూ అటూ తిరిగినవాళ్ళు బహు కొద్దిమంది: కిర్క్‌పాట్రిక్, ఇద్దరు పిల్లలు, నౌకర్లు, దాసీలు. ఆ కొద్దిమంది తిరిగినంత కాలమే అది ఒక ఇల్లు.

ఆ కాలం ఎంతో కాదు. 1805లో పిల్లల్ని ఇంగ్లండు పంపించారు. కంపెనీ అప్పటికే తల్లో తండ్రో ఈ దేశస్థులైన పిల్లలకి మంచి ఉద్యోగాలు లేకుండా నిబంధనలు పెట్టింది. పిల్లల ముందుచూపు కోసమే పంపుతున్నానని తండ్రి లెక్క. బాబుకి నాలుగేళ్ళు, పాపకి మూడు. ఓడ ఎక్కేముందు మద్రాసులో జార్జ్ చినరీ అనే చిత్రకారుడు ఇద్దరినీ నిలబెట్టి బొమ్మ గీశాడు. హైదరాబాదీ దుస్తులు, జరీ, చెప్పులు. అదే చివరిసారి ఆ దుస్తుల్లో. ఇంగ్లండులో సాహిబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు, సాహిబ్ బేగం క్యాథరిన్ అరోరా అయింది, ముద్దుపేరు కిటీ. తండ్రి పనిమీద కలకత్తా వెళ్ళి అదే సంవత్సరం అక్టోబరు 15న జబ్బుతో చనిపోయాడు. పిల్లలు ఇంకా సముద్రం మీదే ఉన్నారు.

ఖైరున్నిసాకి పందొమ్మిదేళ్ళు. భర్త సమాధి చూడడానికి కలకత్తా వెళ్ళింది. అక్కడ భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకి దగ్గరయ్యాడు. మేడ గీసిన శామ్యూల్ రస్సెల్ కాదు, ఈయన వేరు. ఈ సంగతి పాకి మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగుపెట్టనివ్వలేదు. కొన్నేళ్ళు మన మచిలీపట్నంలో ప్రవాసం ఉంది. రస్సెల్ కొన్నాళ్ళకి మద్రాసులో వేరే పెళ్ళి చేసుకున్నాడు. 1811లో ఆయనే హైదరాబాదు రెసిడెంటుగా వచ్చి ఆ స్తంభాల మేడలో కాపురం పెట్టాడు. ఖైరున్నిసా 1813లో హైదరాబాదులో పోయింది. ఇరవై ఏడేళ్ళు. పిల్లల్ని మళ్ళీ చూడలేదు.

ఇంటి విషయంలో తరవాత జరిగింది చూస్తే నాకు ఎక్కువ కోపం వస్తుంది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఎదురుగా ఉన్న ఇళ్ళ డాబాల మీదనుంచి రాత్రంతా కాల్పులు. దాడి విఫలమైంది. తుర్రెబాజ్ ఖాన్ 1859లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మౌల్వీని అండమాన్ పంపారు. కోఠీ బస్సులు ఆగే చోట ఒక స్మారకస్తంభం ఉంది, జనం దాని నీడలో పల్లీలు కొనుక్కుంటారు. ఆ తరవాత రెసిడెన్సీ కోటలాగా మారింది. మనుషులకీ మనుషులకీ మధ్య కూడా గోడలు లేచాయి. 1860 ప్రాంతంలో రంగ్ మహల్‌ని కూల్చేశారు. వానకి కూలలేదు, భూకంపానికి కూలలేదు. తమవాడొకడు ఈ దేశపు ఇంట్లో ఈ దేశపు ఇల్లాలితో కాపురం చేశాడన్న గుర్తు కొత్తతరం దొరలకి సిగ్గుగా అనిపించి కూల్చేశారు. ముందు వైపు స్తంభాలు ఉంచుకున్నారు. పుస్తకాల్లో "పల్లాడియన్ భవనం" అన్న ఒక్కమాటే మిగిలింది. నమూనా, దర్వాజా మిగలకపోతే ఆ రెండో సగం ఉండేదని కూడా మనం నమ్మం.

ఇక్కడ కిటీ సంగతి పూర్తి చేయాలి. ఇంగ్లండులో పెరిగిన కిటీ యువతిగా ఉన్నప్పుడు థామస్ కార్లైల్ అనే యువ రచయిత ఆమెను చూసి మనసు పారేసుకున్నాడు. ఆయన రాసిన "సార్టర్ రిసార్టస్"లో బ్లూమిన్ అనే పాత్రకి మూలం ఈమేనని చాలామంది చెప్తారు. అన్న 1828లోనే పోయాడు. కిటీ పెళ్ళి చేసుకుంది, పిల్లల తల్లి అయింది. ఒకరోజు బెర్క్‌షైర్‌లోని స్వాలోఫీల్డ్ అనే మేడకి చూడడానికి వెళ్ళింది. అది హెన్రీ రస్సెల్ ఇండియాలో గడించిన డబ్బుతో వచ్చిన ఇల్లు. అక్కడ గోడమీద ఒక బొమ్మ: హైదరాబాదీ దుస్తుల్లో తనూ, తన అన్నా. కిటీ అక్కడే ఏడ్చేసింది.

ఆ తరవాత తెలిసింది ఆమెకి, అమ్మమ్మ షరఫున్నిసా హైదరాబాదులో ఇంకా బతికే ఉందని! 1840ల్లో ఉత్తరాలు మొదలయ్యాయి. ముప్ఫై అయిదేళ్ళ పైన గడిచాక. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. మనవరాలికి ఫారసీ పోయింది. అమ్మమ్మ చెప్పింది ఫారసీలో రాస్తే రెసిడెన్సీ ఉద్యోగి దాన్ని ఇంగ్లీషు చేసి పంపేవాడు. మనవరాలిది అటునుంచి ఇటు. మా పిల్లవాడు ఆదివారం స్కైపులో వాళ్ళ నానమ్మతో మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుని "ఏమంటుందంటే..." అని నేను అందించిన రోజులున్నాయి. అందుకని ఆ రెసిడెన్సీ ఉద్యోగి పని నాకు బాగా అర్థమైంది. ఇద్దరూ మళ్ళీ ఎప్పుడూ కలుసుకోలేదు. అమ్మమ్మ 1847లో పోయింది. కిటీ 1889దాకా బతికింది, టార్కీ అనే సముద్రపుటూళ్ళో.

మేడ మాత్రం చేతులు మారుతూ వచ్చింది. చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933లో నిజాం అధికారం కిందికి తిరిగి వచ్చాయి. వాటికే సుల్తాన్ బజార్ అని పేరు. 1947లో రెసిడెంటు వెళ్ళిపోయాడు. 1924లో మొదలైన ఉస్మానియా మహిళా కళాశాల 1949లో ఇక్కడికి వచ్చింది. ఒకప్పుడు ఆడవాళ్ళు గోడ దాటి రాకూడని ఇంట్లో, దర్బారు హాలుతో సహా, వేలాదిమంది ఆడపిల్లలు తిరిగారు. ఆ కాలేజీకి అది పూర్తిగా మంచి చేసిందనీ చెప్పలేను, ఇంటికి కాలేజీ పూర్తిగా మంచి చేసిందనీ చెప్పలేను. పైకప్పులు కారాయి. పాత సున్నపు గోడలకి సిమెంటు పూస్తే ఏమవుతుందో ఇంజనీర్లు ఎవరైనా చెప్తారు: సున్నం ఊపిరి తీసుకుంటుంది, సిమెంటు తీసుకోదు, లోపలి తేమ బయటికి పోలేక గోడ లోపలే కుళ్ళుతుంది. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ దీన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో పెట్టింది. ఆ సంస్థ న్యూయార్కుది. పునరుద్ధరణ అక్కణ్ణించి నెమ్మదిగా కదిలి, ఏళ్ళ తరబడి సాగింది, మళ్ళీ సున్నంతోనే.

2022లో ఆ కాలేజీ తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన నాలుగెకరాల పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కి ఎదురు తిరిగిన ఐలమ్మ. నిజాం ఖజానా కట్టించిన, కంపెనీ చిహ్నం నెత్తిన పెట్టుకున్న మేడకి ఆ పేరు! కిర్క్‌పాట్రిక్ ఏమనుకునేవాడో గానీ, మా అమ్మకి మాత్రం తెగ నచ్చింది.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పిల్లల్ని చార్మినార్, గోల్కొండ చూపించాక ఒక పూట ఇటు తీసుకెళ్ళండి. అది చదువుల ఆవరణ కాబట్టి ముందుగా అనుమతి కనుక్కుని వెళ్ళండి. మెట్లు, సింహాలు అందరూ ఫొటో తీస్తారు. మీరు మేడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళండి. రంగ్ మహల్ లేదు గానీ దాని దర్వాజా నిలబడి ఉంది. ఆ బొమ్మ మేడ ఎక్కడని అక్కడి పాత సిబ్బందిని అడిగితే చూపిస్తారు. మీ ఇంట్లో ఎవరైనా కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదివి ఉంటే వాళ్ళనే ముందు నడవమనండి. వాళ్ళ దగ్గర పాత ఫొటోలు ఉంటే, ముఖ్యంగా 1980లకి ముందు ఆ నమూనా పక్కన దిగినవి ఉంటే, స్కాన్ చేసి మన రేడియోకి పంపండి. అమ్మ దగ్గర ఒకటుందట, ఎక్కడో ఇనప్పెట్టెలో. వెతుకుతానంది.

వచ్చే వారం వేరే వక్త, వేరే విషయం.